ఫారిన్ సెమిస్టర్ రద్దైతే ముందు హాజరు చూడండి

అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. బయటి దేశంలో ఒక సెమిస్టర్ చదవబోయే పిల్లల కాగితాలు చూసే పని కూడా నా నెత్తినే పడింది. అందుకే అక్కడి నుంచి రద్దు మెయిల్ వస్తే ముందు మోగేది నా ఫోనే. నాలాగే ఈ పని నెత్తిన పడ్డ టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

పోయినేడు ధర్మవరం అమ్మాయి ఒకతి ఫోన్ చేసింది. జర్మనీ ప్రయాణానికి ఇంకా పదకొండు రోజులుంది. కంగారులో "పర్లేదమ్మా, వచ్చే ఏడు పోదువులే" అనేశాను. ఆ పిల్ల ఫైనలియర్. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే మేడమ్" అని పెట్టేసింది. అలాంటి ఓదార్పు మీరు చెప్పకండి. "ఆ మెయిల్ నాకు పంపు, రేపు తొమ్మిదిన్నరకు డిపార్ట్‌మెంట్‌కు రా" అంటే ఆ రాత్రికి అదే చాలు.

మర్నాడు డబ్బు గురించి కాదు, హాజరు గురించి కూర్చోండి. ప్రయాణం పెట్టుకున్న పిల్లలు వీసాకనీ, షాపింగ్‌కనీ తిరుగుతుంటారు, ఇక్కడి క్లాసులకు రారు. రద్దు తెలిసేసరికి మూడు వారాల పాఠాలు అయిపోయి ఉంటాయి. మా కాలేజీ ఉన్న జేఎన్‌టీయూఏ (అనంతపురం సాంకేతిక విశ్వవిద్యాలయం) కింద 75 శాతం హాజరుండాలి. 65 దాటితే కాండొనేషన్, అంటే తగ్గిన హాజరుకు మన్నింపు, అడగొచ్చు. అదీ లేకపోతే డీటైనే, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. డబ్బు ఆలస్యంగానైనా తిరిగొస్తుంది, పోయిన క్లాసు రాదు. కాబట్టి ఆ రోజే ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయించండి. రద్దు మెయిల్ జతచేసి, రెగ్యులర్ రోల్లో చేర్చుకోమనీ, చేరిన రోజు నుంచే హాజరు లెక్కగట్టమనీ అడగాలి. ఆఫీసుకు అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్న జిరాక్స్ పిల్ల దగ్గరే ఉండాలి. "నేను చూసుకుంటాలే" అన్న హెచ్‌ఓడీ సెమిస్టర్ మధ్యలో మారిపోవడం నేను కళ్ళారా చూశాను.

అక్కడ చదవాల్సిన సబ్జెక్టుల్లో ఇక్కడ లేనివి ఉంటే ఆన్‌లైన్‌లో చదివే స్వయం, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు వెతకండి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేయొచ్చు, మీ యూనివర్సిటీ ఒప్పుకున్నవైతేనే. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు జనవరిలో, జులైలో మొదలవుతాయి. పన్నెండు వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. ల్యాబ్‌కు మాత్రం ఇవేవీ పనికిరావు. పోయిన ప్రయోగాలు శనివారం మధ్యాహ్నం చేయించమని ల్యాబ్ అసిస్టెంట్‌ను మీరే అడగండి. పిల్లలడిగితే "చూద్దాం" అంటారు.

ఇక డబ్బు. జర్మనీ వీసా కోసం అక్కడి ఖర్చులకు ముందే జమచేసే బ్లాక్డ్ అకౌంట్ నెలకు 992 యూరోల లెక్క, ఏడాదికైతే 11,904. అది ఎక్కడికీ పోదు. కానీ మూసేటప్పుడు, వీసా రద్దు చేయించుకున్నట్టో, దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టో కాన్సులేట్ కాగితం అడుగుతారు. ఆ కాగితం కోసం కాన్సులేట్‌కు వెంటనే మెయిల్ పెట్టించండి. వీసాకు కట్టిన 75 యూరోల మీద ఆశ పెట్టుకోవద్దు. లోన్ తీసుకుని ఉంటే మిగతా విడత విడుదల చేయొద్దని బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వాలి. విడుదలైన మొత్తానికే వడ్డీ. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుని ఉంటే ఆదాయపన్ను శాఖ పన్ను చిట్టాలో కనిపిస్తుంది, ఐటీ రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. ఎవరి పాన్ మీద పట్టారో చూసుకోండి, ఎక్కువగా నాన్నదే ఉంటుంది. వాపసు రాగానే బండి కొనకుండా ముందు కుదువ పెట్టిన బంగారం విడిపించమని చెప్పండి. ఇది మీ పని కాదనిపిస్తుంది, అయినా చెప్పండి.

ఆ అమ్మాయి నాన్న మగ్గం నేస్తాడు. వారం తర్వాత స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. డబ్బు మాట ఎత్తలేదు. "ఊర్లో అందరికీ చెప్పేసినాం మేడమ్. వీసా రిజెక్ట్ అయిందంట, పిల్ల ఏదో తప్పు రాసిందంట అంటాండారు. నేనేం చెప్పల్ల?" అన్నాడు. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. కాలేజీ లెటర్‌హెడ్ మీద తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి ఇచ్చాను. ప్రోగ్రాంను అక్కడి విశ్వవిద్యాలయమే రద్దు చేసిందనీ, విద్యార్థిని వైపు ఎలాంటి లోపం లేదనీ. ఆయన దాన్ని బస్టాండ్ దగ్గర లామినేషన్ చేయించుకుని పోయాడు. ఇంగ్లీషు మెయిల్ ప్రింట్ ఇచ్చి పంపితే ఈ పని జరగదు. రద్దైన ప్రతి పిల్లకూ ఇప్పుడు అడగకముందే తెలుగు కాగితం ఇస్తున్నాను.

సర్దిన సూట్‌కేస్ ఎప్పుడు విప్పుతావని అడగొద్దు, వాళ్ళమ్మకు కూడా ఆ మాటే చెప్పండి. ఆ అమ్మాయి ఇంట్లో నూలు తూచే కాటా మీద పెట్టి సరిగ్గా 23 కిలోలకు తెచ్చిన పెట్టె అది. నెల దాకా హాస్టల్ మంచం కింద అట్లే ఉండింది. మొదటి మిడ్ పరీక్షలప్పుడు మెస్ కూర నచ్చక, తనే తాళం తీసి శెనక్కాయ పొడి బయటికి తీసింది. ఒక పొట్లం మా స్టాఫ్‌రూమ్‌కూ వచ్చింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది.