వెనక అద్దం మసక వీడట్లేదా? డీఫాగర్‌లో లోపం ఎక్కడుందో పట్టుకోండి

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో హనుమకొండ నుంచి ములుగు మీదుగా మేడారం పోయేవాళ్లకు పస్రా, తాడ్వాయి అడవిలో పొగమంచు కొత్త కాదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపైతే పది డిగ్రీల కిందికి దిగే రాత్రులు ఏటా ఉంటాయి. కార్లో ఐదుగురు కూర్చుని అద్దాలన్నీ ఎక్కించుకుంటే కాసేపట్లోనే లోపలంతా మసక కమ్ముతుంది. ముందు అద్దాన్ని గుడ్డతో తుడుచుకుంటూ ఎలాగో నెట్టుకొస్తాం. వెనక అద్దానికి చెయ్యి అందదు. వెనక లారీ ఎంత దూరంలో ఉందో తెలియకుండా బ్రేక్ మీద కాలు వేయాల్సి రావడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

వెనక అద్దం మీద సన్నగా, గోధుమ రంగులో కనిపించే అడ్డగీతలు ఉన్నది ఇందుకే. కరెంటు పారినప్పుడు వేడెక్కి మసకను పోగొట్టే ఆ గీతల ఏర్పాటే డీఫాగర్. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు డీఫాగర్ బటన్ ఎవరూ నొక్కరు కాబట్టి అది ఎప్పుడు పాడైందో తెలియదు. తీరా చలికాలంలో షాపుకు తీసుకెళ్తే "అద్దం మొత్తం మార్చాలి సార్" అంటారు. ఆ మాటకు వెంటనే ఒప్పుకోవద్దనే ఇది రాస్తున్నాను. ఈ గీతల్లో వచ్చే లోపాలు ఎక్కువ శాతం వోల్టేజి కొలిచే ఒక చిన్న మీటరు, అంటే మల్టీమీటర్‌తో బయటపడతాయి, అద్దం మార్చకుండానే సరిపోతాయి.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది

ఆ గీతలు వెండి కలిసిన పదార్థంతో అద్దం లోపలి వైపు ముద్రించి, కొలిమిలో కాల్చి అతికించినవి. రెండు పక్కలా నిలువుగా రెండు వెడల్పు పట్టీలుంటాయి. ఒకదానికి బ్యాటరీ ప్లస్ వస్తుంది, రెండోది బండి బాడీకి, అంటే ఎర్త్‌కు కలుస్తుంది. మన కాకతీయ కాలువ లెక్కే ఇది. పిల్లకాలువ తెగితే ఆ ఒక్క పొలమే ఎండుతుంది, ప్రధాన కాలువకు గండి పడితే ఆయకట్టంతా ఎండుతుంది. అలాగే ఒక గీత తెగితే ఆ గీత వరకే మసక మిగులుతుంది, పట్టీ దగ్గర వైరు ఊడితే అద్దం మొత్తం చల్లగా ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం లోపాలను చూపుతోనే చెప్పేయొచ్చు.

కరెంటు మాత్రం బాగానే లాగుతుంది. మామూలు కార్లలో 10 నుంచి 20 ఆంప్‌లు, అంటే దాదాపు 120 నుంచి 250 వాట్లు. అందుకే చాలా కార్లలో పది, పదిహేను నిమిషాల తర్వాత దానంతట అదే ఆగిపోతుంది. అది లోపం కాదు, అవసరమైతే మళ్లీ నొక్కాలి. ఇంజిన్ ఆపి దీన్ని వాడొద్దు. చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా కనిపించే 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఈ లోడుకు తొందరగా దిగిపోతుంది. ఇంకో మాట, కింది వేరియంట్ కార్లలో అసలు ఈ గీతలే ఉండవు. పైభాగంలో రెండు మూడు గీతలే ఉంటే అవి రేడియో యాంటెనా కావచ్చు.

బటన్ లైటు వెలుగుతుంది, అద్దం మాత్రం చల్లగానే ఉంది

ముందు ఫ్యూజ్ చూడండి. ఫ్యూజ్ బాక్స్ మూత మీద దీర్ఘచతురస్రంలో మూడు వంకర బాణాల గుర్తు ఉంటుంది, అదే దీని ఫ్యూజ్. బాగానే ఉంటే రిలే, అంటే బటన్ నొక్కగానే పెద్ద కరెంటును కలిపే స్విచ్, సంగతి చూడాలి. బటన్ నొక్కినప్పుడు టిక్ మని చప్పుడు రావాలి. రాకపోతే అదే బాక్స్‌లో అదే నంబరున్న ఇంకో రిలే, చాలా కార్లలో హారన్‌ది, తీసి ఇక్కడ పెట్టి చూడండి. పనిచేస్తే కొత్త రిలే కొనుక్కుంటే చాలు.

ఇవి రెండూ సరిగా ఉంటే అద్దం దగ్గరికి రండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, డీఫాగర్ ఆన్ చేయండి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్ట్‌ల మీద పెట్టి దాని నల్ల తీగ మొనను, అంటే నల్ల ప్రోబ్‌ను రంగు లేని బోల్టుకు, అంటే బాడీ ఎర్త్‌కు ఆనించండి. ఎర్ర ప్రోబ్‌తో ముందు ఒక పట్టీని, తర్వాత రెండో పట్టీని తాకండి. ఒకవైపు 12 నుంచి 14 వోల్ట్‌లు, రెండోవైపు దాదాపు సున్నా వస్తే రెండు కొసల కనెక్షన్లూ సరిగానే ఉన్నాయి. రెండువైపులా 12 వస్తే ఎర్త్ తెగింది. కరెంటు వచ్చింది గానీ తిరిగి పోయే దారి లేదన్నమాట. రెండువైపులా సున్నా అయితే కరెంటు అద్దం దాకా రావడమే లేదు, వైరు మధ్యలో ఎక్కడో తెగి ఉంటుంది.

ఎర్త్ తెగిన కేసుల్లో ఎక్కువగా ప్లాస్టిక్ కవర్ వెనక బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగిస్తే సరిపోతుంది. పైసా ఖర్చు లేని రిపేరు ఇది.

డిక్కీ డోరుతో పాటు అద్దం కూడా పైకి లేచే హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీ బండ్లలో ఇంకో చోటు తప్పకుండా చూడాలి. బాడీకి, డోరుకు మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది. డోరు తీసి వేసిన ప్రతిసారీ లోపలి వైర్లు అక్కడే మడత పడతాయి, ఏళ్లు గడిచాక అక్కడే తెగుతాయి. డోరు సగం తెరిచినప్పుడు పనిచేసి, మూస్తే ఆగిపోతే అనుమానం అక్కర్లేదు. గొట్టం వెనక్కి లాగి, తెగిన వైరుకు అంతే మందం ఉన్న కొత్త ముక్క కలిపి, టంకం వేసి, ఇన్సులేషన్ చేయించండి. ఊరికే మెలేసి టేపు చుడితే ఇన్ని ఆంప్‌లకు ఆ జాయింటు వేడెక్కి మళ్లీ కాలుతుంది.

ఫ్యూజ్ మార్చిన ప్రతిసారీ పోతోంది

పైన చెప్పిన రబ్బరు గొట్టంలోనే వైరు ఒరుసుకుని బాడీకి తగులుతుండవచ్చు. 20 ఆంప్‌ల ఫ్యూజ్ పోతోందని 30ది వేయించడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఫ్యూజ్‌కు బదులు వైరింగ్ కాలుతుంది.

ఒకటి రెండు గీతల దగ్గరే మసక పోవడం లేదు

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ గీరుకుపోవడమే. వెనక షెల్ఫ్ మీద పెట్టిన సామాను ఒరుసుకోవడం, స్టిక్కరు గీకడం, అన్నిటికన్నా ముఖ్యంగా సన్ ఫిల్మ్ పీకడం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లు వద్దన్నాక వేల కార్ల అద్దాల మీద ఫిల్మ్ ఊడబెరికారు. బ్లేడుతో గీకిన చోట ఫిల్మ్‌తో పాటు గీతలూ పోయాయి. ఇప్పుడు కూడా పాత బండి కొన్నవాళ్లు వెనక అద్దాన్ని ఏటవాలుగా వెలుతురులో చూసుకోవడం మంచిది. ఫిల్మ్ తీయాల్సి వస్తే బ్లేడు ముట్టుకోవద్దు. మన మధ్యాహ్నపు ఎండలో బండిని కాసేపు నిలిపితే జిగురు మెత్తబడుతుంది. అప్పుడు గీతల దిశలోనే, పక్కకు, నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురును సబ్బునీళ్లతో నానబెట్టి గుడ్డతో తీయాలి.

తెగిన గీత ఏదో తెలియాలంటే చల్లని పొద్దున అద్దం మసకబారాక డీఫాగర్ ఆన్ చేసి గమనించండి. పనిచేసే గీతల వెంట మసక ముందు విడిపోతుంది, తెగిన గీత దగ్గర అలాగే ఉంటుంది. ఆ గీతలో సరిగ్గా ఎక్కడ తెగిందో చెప్పేది మీటరు. ప్రోబ్ కొనకు చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క చుట్టండి, లేకుంటే మొన గుచ్చుకుని మీరే ఇంకో గీత కోస్తారు. నల్ల ప్రోబ్ ఎర్త్ పట్టీ మీద ఉంచి, ఎర్ర ప్రోబ్‌ను ప్లస్ పట్టీ నుంచి గీత వెంట జరుపుతూ పోండి. బాగున్న గీతలో వోల్టేజి మెల్లగా తగ్గుతుంది. నడిమధ్యకు వచ్చేసరికి సగం, అంటే ఆరు ఏడు వోల్ట్‌లు చూపిస్తుంది. తెగిన గీతలో 12 దగ్గరే నిలిచి ఉండి, ఒక్క చోట దాటగానే సున్నాకు పడిపోతుంది. ఆ చోటే తెగిన చోటు. బయటి నుంచి టేపు ముక్క అతికించి గుర్తు పెట్టుకోండి. మధ్యలో టైమర్ ఆఫ్ అయిపోతే అన్ని చోట్లా సున్నానే వస్తుంది, కంగారు పడకుండా బటన్ మళ్లీ నొక్కండి.

దారి తెగలేదని మీటరు చేసే చప్పుడు, అంటే కంటిన్యూటీ బీప్‌తో పరీక్షించి "బాగానే ఉంది" అనడం సరికాదు. ఒక గీత తెగినా కరెంటు మిగతా గీతల చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి బీప్ మోగుతూనే ఉంటుంది.

అతికించడానికి కరెంటు పారే సిల్వర్ పెయింట్ కావాలి. డీఫాగర్ రిపేర్ కిట్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డీఫాగర్ ఆఫ్ చేసి, అద్దం చల్లారాక, తెగిన చోటును మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో తుడవండి. గీతకు పైనా కిందా టేపు అతికిస్తే గీతంత వెడల్పు సందు మిగులుతుంది. సీసాను బాగా కదిపి, తెగిన చోటుకు అటూ ఇటూ అర సెంటీమీటరు దాకా పాత గీత మీదికి వచ్చేలా పూయండి. ఒక పూత ఆరాక ఇంకోటి. పెయింటు పూర్తిగా గట్టిపడక ముందే టేపు మెల్లగా తీయండి, ఎండిపోయాక తీస్తే అంచులు లేస్తాయి. ఒక రోజంతా ఆరనిచ్చి ఆ తర్వాతే ఆన్ చేయండి. తర్వాత అద్దం తుడిచేటప్పుడు ఆ చోట గట్టిగా రుద్దొద్దు. రెండు మూడు సెంటీమీటర్ల లోపు తెగినవి ఇలా బాగా నిలుస్తాయి. అరచేతి వెడల్పున గీతలన్నీ గీకేసి ఉంటే ఈ పని మీద నాకు నమ్మకం లేదు.

పక్క పట్టీ నుంచి లోహపు ముక్క ఊడి వైరుతో వేలాడుతోంది

ఫెవిక్విక్ లాంటి జిగురుతో అంటించొద్దు, అది కరెంటును పారనివ్వదు. దీనికి వెండి పొడి కలిసిన రెండు పాళ్ల ఎపాక్సీ జిగురు వాడాలి. ఆరేదాకా ముక్కను టేపుతో కదలకుండా నొక్కి ఉంచాలి. టంకం కూడా వేయొచ్చు గానీ ఎక్కువ వేడి తగిలితే వెండి పూత లేచిపోతుంది, అద్దం చిట్లే ప్రమాదమూ ఉంది. చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

గీతలన్నీ పనిచేస్తున్నాయి, మసక మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది

ఇక్కడ తప్పు కరెంటుది కాదు, కారు లోపలి తేమది. కాలికింది మ్యాట్లు ఎత్తి కార్పెట్ తడిగా ఉందేమో చూడండి. బ్లోవర్ గాలి లోపలే తిరిగేలా పెట్టి ఉంటే బయటి గాలికి మార్చండి. అద్దం లోపలి వైపు పొగ, నూనె జిడ్డు పేరుకుంటే మసక తొందరగా పడుతుంది. వెనక అద్దం తుడిచేటప్పుడు గీతల దిశలోనే తుడవాలి.

ముందు అద్దం సంగతి

ఐరోపాలో కొన్ని కార్లకు ముందు అద్దం పొరల మధ్యే సన్నని తీగలు ఉంటాయి. మన కార్లలో ఆ పని బ్లోవర్‌ది. ఏసీ గాలిలోని తేమను పిండుతుంది, హీటర్ ఆ గాలిని వేడి చేస్తుంది, అందుకే రెండూ కలిపి వాడాలి. హీటర్ పెట్టినా చల్లగాలే వస్తుంటే ఒక సంగతి అడిగి తెలుసుకోండి. మన దగ్గర హీటర్ కోర్, అంటే ఇంజిన్ను చల్లబరిచే కూలెంట్ వేడితో గాలిని వేడి చేసే భాగం, లీకైతే "ఇక్కడ హీటర్ ఎవరు వాడతారు" అని గొట్టాలను బైపాస్ చేసే అలవాటు ఉంది. అద్దం మీద జిగటగా, తియ్యటి వాసనతో పొర పడుతుంటే కోర్ ఇప్పుడే లీకవుతోందని అర్థం. కూలెంట్ ఖాళీ అయ్యేలోపే చూపించండి. కరెంటు కార్లలో ఇంజిన్ వేడి ఉండదు కాబట్టి గాలిని వేడి చేయడానికి బ్యాటరీనే వాడాలి, ఒక్క చార్జికి నడిచే దూరం, అంటే రేంజ్, తగ్గుతుంది.

సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న హీటర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఆ సాకెట్ సాధారణంగా ఇవ్వగలిగేది 120 నుంచి 180 వాట్లే. ముందు అద్దానికి అది చాలదు, పైగా వైరు వేడెక్కుతుంది. వాటిని కొనమని నేను ఎవరికీ చెప్పను.

నిజంగా మంచు గడ్డకడితే

మనాలి, లేహ్ వైపు కారు తీసుకెళ్లేవాళ్లకు, అమెరికాలో కొత్తగా కారు కొన్న మన పిల్లలకు ఎదురయ్యే సమస్య ఇది. "పావుగంటైంది, డీఫాగర్ పనిచేయడం లేదు" అని ఫోన్ వస్తుంది. లెక్క చూస్తే అది పాడవలేదని తెలుస్తుంది. అర చదరపు మీటరు అద్దం మీద ఒక మిల్లీమీటరు మంచు అంటే దాదాపు 450 గ్రాములు. దాన్ని కరిగించడానికే 150 కిలోజౌళ్లు కావాలి. 150 వాట్ల డీఫాగర్‌కు అది పదిహేడు నిమిషాల పని, అదీ బయటి చలికి వేడి ఏమీ పోకపోతే. ఈలోపు టైమర్ ఆగిపోతుంది. మంచంతా కరిగేదాకా ఆగక్కర్లేదు. అద్దానికి అంటుకున్న పొర కరిగితే చాలు, పైది ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పలకలుగా ఊడి వస్తుంది. కాబట్టి ముందు పైనున్న మంచును బ్రష్‌తో దులిపి, డీఫాగర్ వేసి, ఐదారు నిమిషాలయ్యాక గీకాలి.

మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, అద్దం పగులుతుంది. వైపర్లు అద్దానికి అతుక్కుని ఉన్నప్పుడు స్విచ్ వేస్తే మోటారు మీద భారం పడుతుంది. వాషర్ ట్యాంకులో మన మామూలు నీళ్లుంటే గడ్డకడతాయి, గడ్డకట్టని ద్రవం పోయించుకోవాలి. బండిని ఆరుబయట కాకుండా షెడ్డులో పెడితే అద్దం ఆకాశానికి వేడి పోగొట్టుకోదు కాబట్టి మంచు తక్కువ పడుతుంది.

అద్దం మార్చక తప్పకపోతే

గీతలు పెద్ద మేర పోయినా, అద్దమే పగిలినా మార్చాల్సిందే. పగిలిన అద్దానికి ఇన్సూరెన్స్‌లో ఓన్ డ్యామేజ్ కవర్ (మన బండికి జరిగే నష్టానికి) ఉంటే క్లెయిమ్ చేసుకోవచ్చు, గాజు మీద తరుగుదల కోత ఉండదు. గీతల్లో కరెంటు లోపం మాత్రం సాధారణ పాలసీ కిందికి రాదు. కొత్త అద్దం ఆర్డర్ ఇచ్చే ముందే డీఫాగర్ గీతలున్నదే కావాలని గట్టిగా చెప్పండి, చూడ్డానికి ఒకేలా ఉండే గీతల్లేని అద్దం తక్కువ ధరకు దొరుకుతుంది. బిగించాక డబ్బులిచ్చే ముందు అక్కడే ఇంజిన్ స్టార్ట్ చేసి, బటన్ నొక్కి, కొద్ది నిమిషాలకు అరచేతిని అద్దం మీద రెండు మూడు చోట్ల ఆనించి చూసుకోండి. వెచ్చగా తగలని చోటు ఉంటే వైరు సరిగా పెట్టారో లేదో అప్పుడే చూపించమనండి.