ఒంటరిగా ఉండే పెద్దవాళ్లతో కలిసి మొక్కలు పెంచడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు, ఏ వీధిలో చూసినా పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడిపోయి, ఇంట్లో ఒక్క అవ్వో తాతో మిగిలిన ఇళ్లు కనిపిస్తాయి. పొద్దున పాలవాడు వెళ్లిపోయాక మళ్లీ పలకరించే మనిషి ఉండరు. అలాంటి ఇంటికి వారానికి ఒకసారి వెళ్లి కలిసి మొక్కలు పెంచడానికి ఇద్దరు ముగ్గురు స్నేహితులుంటే చాలు. అయితే తోట వాళ్లది, మనది కాదు. మనమే గబగబా తవ్వి, నాటి, ఫొటో దిగి వచ్చేస్తే వాళ్లకు మిగిలేది నీళ్లు పోసే చాకిరీ ఒక్కటే.

మొదటిసారి ఏమీ పట్టుకెళ్లొద్దు, కూర్చుని మాట్లాడండి. "అవ్వా, మీ పెరట్లో అప్పట్లో ఏమేం వేసేవాళ్లు?" అని అడిగితే చాలు, వీళ్లలో చాలామంది సేద్యం చేసినవాళ్లే, మనకే నేర్పిస్తారు. తోటకూర విత్తనాలు ఆవాలకంటే సన్నగా ఉంటాయి, ఉత్తగా చల్లితే ఒకేచోట గుంపుగా మొలుస్తాయి, అందుకని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి వేళ్ల సందుల్లోంచి జారేలా చల్లి, పైన పల్చగా మట్టి రాల్చి అరచేత్తో మెల్లగా అదమాలి. ఈ పని వాళ్ల చేతే చేయించండి. చెయ్యి వణికినా సరే, మీరు లాక్కోవద్దు.

మామిడి, సపోటా ముచ్చటపడితే పెట్టండి కానీ మొదటి నెలలోనే కంటికి కనబడేది ఏదో ఒకటి ఉండాలి. మెంతులు వారంలోపే మొలుస్తాయి, తోటకూర నెల తిరిగేసరికి కూరకొస్తుంది, గోంగూర కొనలు తుంచేకొద్దీ చిగుర్లేస్తుంది, బచ్చలైతే కాడ గుచ్చినా బతుకుతుంది.

వంగలేనివాళ్లకు నేల మీద మడులు వద్దు. 10 లీటర్ల పెయింట్ బకెట్లు బాగా కడిగి, అడుగున బెజ్జాలు పెట్టి, నడుం ఎత్తు బల్ల మీద ఉంచితే నిలబడో కుర్చీలో కూర్చునో చేసుకోవచ్చు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపితే సరిపోతుంది. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడిపోతాయి. నీళ్లకు చిన్న చెంబు ఇవ్వండి, బకెట్ మోయనివ్వొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు చెప్పులు, గ్లౌజులు తప్పనిసరి, గీసుకుంటే ఒక పట్టాన మానదు. కనిగిరి వైపు బోరు నీళ్లు బాగాలేని ఇళ్లలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు దాచి పోసుకోవచ్చు.

మనవైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాన్లూ అప్పుడే. అవి తెరిపిచ్చాక, సంక్రాంతి ముందు మొదలుపెడితే మార్చి దాకా ఎండ బాధ లేకుండా సాగుతుంది. రోహిణి కార్తెలో కొత్తగా ఏదీ వేయించొద్దు, పొద్దునే ఏడులోపు నీళ్లు పోయించి లోపలికి పంపేయండి.

అన్నిటికంటే ముఖ్యం, చెప్పిన రోజు వెళ్లడం. ఆదివారం అన్నారంటే వాళ్లు శనివారం నుంచే ఎదురుచూస్తారు. రాలేకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. మాటల్లో "నేనెందుకు బతకాలి" లాంటివి వినిపిస్తే తేలిగ్గా తీసుకోకండి, పిల్లలకు తెలియజేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ కలిపి పక్కనే కూర్చోండి. పెన్షన్, వేధింపులు లాంటి గొడవలకు పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

చదువుకో ఉద్యోగానికో మీరు ఊరు వదలాల్సి వస్తే చెప్పకుండా మానేయొద్దు. మీ బదులు వచ్చే వాళ్లను నెల ముందు నుంచే వెంటబెట్టుకెళ్లి, ఏ కుండీలో ఏముందో ఆ అవ్వ చేతే వాళ్లకు చెప్పించండి.