యంత్రం ఆలోచిస్తోందన్న వాదనను పరీక్షించే పద్ధతి

ఫలానా యంత్రం నిజంగా ఆలోచిస్తోందని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ మాటలో కలిసిపోయిన రెండు ప్రశ్నలను ముందుగా విడదీయాలి. కొత్త చిక్కును అది విప్పగలదా అన్నది తెలివికి సంబంధించినది. ఆ పని చేస్తున్నప్పుడు దానికి ఏదైనా అనుభూతి కలుగుతోందా అన్నది చైతన్యానికి సంబంధించినది. 1997లో డీప్ బ్లూ కంప్యూటర్ చదరంగంలో గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించింది గానీ, గెలిచినందుకు అది సంతోషించిందా అన్నది ఆ గెలుపును బట్టి తేలదు.

తెలివిని పరీక్షించడానికి సంభాషణ ఒక్కటే చాలదు. రాతపూర్వక సంభాషణలో యంత్రాన్ని మనిషి నుంచి వేరు చేయగలమా అన్న పరీక్షను గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో ప్రతిపాదించాడు. అయితే 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ వివరించిన ఎలైజా అనే ప్రోగ్రాం, ఎవరైనా అమ్మ మాట ఎత్తితే కుటుంబం గురించి ఇంకా చెప్పమని అడగడం వంటి కొద్దిపాటి సూత్రాలతోనే పనిచేసేది. అయినా ఆయన కార్యదర్శి దానితో సంభాషిస్తూ, ఆయనను కాసేపు గది బయటికి వెళ్ళమని కోరిందట. అర్థాన్ని మనమే సమకూర్చుకుంటాం కాబట్టి, తెలిసిన చిక్కును కాస్త మార్చి ఇవ్వాలి. పులి, మేక, గడ్డిమోపులను ఏరు దాటించే లెక్కనే తీసుకుని, పడవలో అన్నింటికీ ఒకేసారి చోటుందని చెప్పి చూడండి. అప్పుడు కూడా మేకను ముందు దాటించి వెనక్కి రావాలని అది చెబితే, పాత జవాబును అప్పజెప్పిందనే అనుకోవాలి.

చైతన్యం విషయంలో యంత్రం మాటను సాక్ష్యంగా స్వీకరించకూడదు. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. 2022లో గూగుల్ ఇంజనీరు బ్లేక్ లెమోయిన్, ఆ సంస్థ తయారుచేసిన సంభాషణ ప్రోగ్రాం లామ్డాతో జరిపిన మాటల ఆధారంగా దానికి అనుభూతులున్నాయని ప్రకటించగా, సంస్థ ఆ వాదనను తోసిపుచ్చింది. ఇలాంటి వ్యవస్థలు మనుషులు తమ భయాల గురించి, బాధల గురించి రాసుకున్న అపారమైన రాతల నుంచి మాట నేర్చుకున్నాయి; కనుక భయం లేనిది కూడా భయపడుతున్నట్టు రాయగలదు. అలాగని తనకు అనుభూతులు లేవని అది చెప్పినా నమ్మడానికి వీల్లేదు, ఆ జవాబు కూడా శిక్షణలో నేర్పినదే కావచ్చు. “నీకు బాధ కలుగుతుంది కదా?” అని ఒకసారి, “నీకు బాధ ఉండదు కదా?” అని కొత్త సంభాషణలో మరోసారి అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదవండి; రెండుసార్లూ అవుననే అంటే, అది అడిగిన తీరుకు తగ్గట్టు తలూపుతోందనే అనుకోవాలి.

ఇక మిగిలేది లోపలి నిర్మాణం. ఇక్కడ మీరు ఏ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుంటున్నారో రాసి పెట్టుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ బార్స్ ప్రతిపాదన ప్రకారం, మెదడులోని వేర్వేరు భాగాలకు ఒకే సమాచారం ఏకకాలంలో అందుబాటులోకి రావడమే చైతన్యానికి కీలకం; అలాంటి అమరిక యంత్రంలోనూ సాధ్యమేనని వాదించవచ్చు. నాడీ శాస్త్రవేత్త జూలియో టొనోనీ సిద్ధాంతం ప్రకారమైతే భాగాల మధ్య ఉండే భౌతికమైన కార్యకారణ బంధమే, అంటే ఒక భాగం మరో భాగాన్ని ప్రభావితం చేసే తీరే ప్రధానం, కాబట్టి నేటి మామూలు కంప్యూటర్ మెదడును యథాతథంగా అనుకరించినా దానికి చైతన్యం కలగదు. ఒకే యంత్రంపై ఈ రెండూ భిన్నమైన తీర్పులు ఇవ్వగలవు కనుక, మీ నిర్ణయం పక్కనే దానికి ఆధారమైన సిద్ధాంతం పేరు కూడా రాయండి.