బేస్‌బాల్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) కుర్రాడి మోచేయి నొప్పి ఎలా తగ్గించామంటే

14 ఏళ్ల వయసులో బంతి విసిరినప్పుడు మోచేయి లోపలివైపు నొప్పి వస్తోందంటే, ఎదిగే ఎముక చివర లాగుడు పడుతుండొచ్చు. మా నెల్లూరు కుర్రాణ్ణి ఎముకల డాక్టరుకు చూపించి, నొప్పి పూర్తిగా పోయేదాకా బంతి ముట్టనివ్వలేదు. తర్వాత 10 మీటర్ల నుంచి, రోజు విడిచి రోజు, మెల్లగా.

పిచ్‌ల (బ్యాటర్‌కు విసిరిన బంతుల) లెక్క నోటుబుక్కులో రాస్తున్నాం. కుర్ర పిచ్చర్ల చేతులు చెడకుండా అమెరికాలో పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనల లెక్కలో 13–14 ఏళ్లకు రోజుకు 95 దాటకూడదు. 21–35 వేస్తే 1 రోజు, 66 లేదా పైన వేస్తే 4 రోజులు విశ్రాంతి. పిచ్చింగ్ చేసినవాణ్ణే అదే మ్యాచ్‌లో క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టి తిరిగి విసిరేవాడిగా) నిలబెట్టడమొకటి, చేతిని చెరిపేది అదే! ఏప్రిల్, మే ఎండల్లో ఎలాగూ గ్రౌండు ఖాళీ, విసరడం పూర్తిగా బంద్.

మోచేయి భుజం కన్నా కిందికి జారుతోందంటే అలసిపోయినట్టే. లెక్క ఎంత మిగిలున్నా దించేయాలి.