అమెరికా కాలేజీ జిమ్నాస్టిక్స్: జట్టులో చోటు వేరు, స్కాలర్‌షిప్ వేరు

కోచ్ ఫోన్ చేసి అమ్మాయిని జట్టులోకి తీసుకుంటామనగానే చదువు ఖర్చంతా తీరిపోయిందని నమ్మి, ఆగస్టులో ఫీజు బిల్లు చూసి నిలువునా నీరైపోయిన ఒక తెలుగు కుటుంబం నాకు తెలుసు. కోచ్ అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పింది జట్టులో చోటు గురించి, వీరు విన్నది స్కాలర్‌షిప్ గురించి.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ కాలేజీలను మూడు డివిజన్లుగా విభజించింది. వాటిలో అన్నిటికన్నా పైదైన డివిజన్ 1లో మహిళల జిమ్నాస్టిక్స్ జట్టుకు గతంలో 12 పూర్తి స్కాలర్‌షిప్‌లు మాత్రమే ఉండేవి. క్రీడాకారులు ఎన్‌సీఏఏపై వేసిన దావాను ముగిస్తూ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 20 మందికి మించరాదన్న నిబంధన వచ్చింది. ఆ 20 మందిలో ఎవరికి ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో కాలేజీయే నిర్ణయించుకుంటుంది. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది విశ్వవిద్యాలయాల బృందం), డివిజన్ 3 కాలేజీలలో ఆట ఆధారంగా స్కాలర్‌షిప్ ఉండదు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయానికి అక్కడ విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఆడే అర్హతను తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఖాతా తెరవడం కష్టమేమీ కాదు. డివిజన్ 1కు 16 కోర్ కోర్సులు (హైస్కూలులో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ వంటి ప్రధాన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. శాట్ స్కోరును ఎన్‌సీఏఏ ఇప్పుడు అడగడం లేదు. అయితే ఇండియాలో చదివిన వారు పదో తరగతి, ఇంటర్ మెమోలు సరిపోతాయనుకుంటారు గానీ, తొమ్మిదో తరగతి నుంచీ మార్కుల రికార్డులు కావాలి కనుక పాత స్కూలు నుంచి ఆ ప్రోగ్రెస్ రిపోర్టును ముందే తీసుకుని ఉంచుకోవడం మంచిది.

పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి కోచ్‌లు నేరుగా మాట్లాడవచ్చు. పోటీలో ఒక్కో ఉపకరణంపై ఆరుగురు చేస్తే ఐదుగురి స్కోర్లే లెక్కకు వస్తాయి కాబట్టి, ఏ కోచ్ అయినా తన జట్టులో బీమ్ మీదో బార్స్ మీదో ఉన్న ఖాళీని పూరించే అమ్మాయి కోసమే చూస్తారు. వీడియో పంపేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

సీటు ఇప్పిస్తామనే మధ్యవర్తుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. వీడియోలు పంపినందుకు ముందుగా ఇంతని రుసుము తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. స్కాలర్‌షిప్ వస్తే అందులో వాటా ఇవ్వాలంటే అతను ఏజెంటు కిందకు వస్తాడు, అమ్మాయి ఆడే అర్హతకే ముప్పు వస్తుంది.

ఇక అందరూ తడబడేది ఆర్థిక సాయ ఒప్పంద పత్రం దగ్గర. నోటిమాట ఎవరినీ కట్టిపడేయదు, కోచ్‌నైనా మిమ్మల్నైనా. కాలేజీలో చేరతానని విద్యార్థి సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబరులో రద్దయింది కాబట్టి ఇప్పుడు ఈ పత్రమే ఆధారం. సంతకానికి ముందు మూడు విషయాలు వెతకండి: ట్యూషన్, వసతి, భోజనం, పుస్తకాలలో ఏవేవి ఇస్తున్నారు, ఎంత ఇస్తున్నారు, ఎన్నేళ్లకు ఇస్తున్నారు. "ఒక విద్యా సంవత్సరం" అని ఉంటే నాలుగేళ్లని ఊహించుకోకండి. ఏ గడి అయినా ఖాళీగా ఉంటే నింపి పంపమని అడగండి; అలా అడిగినందుకు కోచ్‌లు తప్పుపట్టరు.

మోకాలి దెబ్బ గురించి భయపడే తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి. పత్రంలో రాసిన కాలం ముగిసేదాకా గాయం వల్ల గానీ, ఆట తగ్గిందని గానీ సాయాన్ని తగ్గించకూడదు. మరుసటి ఏడాదికి పొడిగిస్తున్నారో లేదో జూలై 1లోగా రాతపూర్వకంగా తెలపాలి. తగ్గించినా, ఆపినా అప్పీలు చేసుకునే హక్కు విద్యార్థినికి ఉంది, ఆ విచారణ క్రీడా విభాగం చేతిలో ఉండదు.