సముద్ర మట్టంతో నేల కదలిక పట్టడం – 4: లేని నెలలు, జంట గేజీలు

పోయిన పాఠంలో స్టాక్‌హోమ్ లెక్క ఇస్తే చాలామంది "అక్కడ సముద్రం తగ్గిపోతోంది" అని తేల్చేశారు. మట్టం గీత దిగుతున్న మాట నిజమే, ఏడాదికి దాదాపు 4 మి.మీ. కానీ టైడ్ గేజి (తీరాన నీటి మట్టం కొలిచే పరికరం) బిగించింది నేలకి. మంచుయుగపు మంచు బరువు తొలగాక స్వీడన్ నేల ఇంకా లేస్తూనే ఉంది, దాంతోపాటే గేజీ కూడా. కాబట్టి సముద్రం పెరుగుదలలోంచి గేజి చూపే పెరుగుదల తీసేస్తే మిగిలేది నేల కదలిక. తిరగేసి తీసేస్తే లేచే ఊరు మీ లెక్కలో మునుగుతుంది.

ఇక విశాఖ. కొందరి లెక్కలో ఒక్కో ఏడాది సముద్రం తొమ్మిది మీటర్లు పడిపోయింది! పీఎస్‌ఎమ్‌ఎస్‌ఎల్ (ప్రపంచమంతటి టైడ్ గేజీల రికార్డులు దాచే సంస్థ) ఫైల్లో రికార్డు లేని నెలకి -99999 అని రాస్తారు. అది కొలత కాదు. ఆర్‌ఎల్‌ఆర్ (ఆ ఊరి నేలమీది ఒకే స్థిర గుర్తుకి సరిచేసిన) ఫైల్లో మట్టం 7000 మి.మీ. చుట్టూ ఉంటుంది. పదకొండు నెలలు 7000, ఒక నెల -99999 వేసి సగటు తీయండి: -1917. సగటు తీసేముందు ఒక్కసారి కళ్లతో ఫైలు చూస్తే ఏం పోయింది?

సరే, దాన్ని ఖాళీ చేశారు. గండం గడవలేదు. విశాఖ దగ్గర సముద్రం మార్చి ప్రాంతంలో బాగా తక్కువ, అక్టోబరు-నవంబరుల్లో బాగా ఎక్కువ. అక్టోబరు, నవంబరు రెండూ లేని ఏడాది సగటు ఊరికే దిగిపోతుంది, అది నేల లేచినట్టు కనబడుతుంది. పద్ధతిగా చేయాలంటే, అన్ని ఏళ్ల మార్చిల సగటుని ప్రతి మార్చిలోంచి, అలాగే మిగతా నెలలకీ తీసేసి, ఆ తేడాలకి గీత గీయాలి. నాకంత ఓపిక లేనప్పుడు కనీసం పదకొండు నెలల రికార్డైనా లేని ఏడాదిని పారేస్తాను.

సముద్రం అసలు పెరుగుదల చెప్పే ఉపగ్రహాల ఎడతెగని కొలతలు 1990ల నుంచే ఉన్నాయి, అంతకుముందు సంగతికి జంట గేజీలే నాకిష్టం. ఒకే సముద్రం, దగ్గర తీరాలు: ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే ఉమ్మడిగా ఉన్న సముద్రం చాలావరకు కొట్టుకుపోతుంది. మిగిలేది రెండు నేలల కదలికల మధ్య తేడా మాత్రమే, ఏ ఒక్కదాని కదలికా కాదు.

అభ్యాసం: అమెరికాలో గాల్వెస్టన్ (పియర్ 21), పెన్సకోలా నెలవారీ ఆర్‌ఎల్‌ఆర్ ఫైళ్లు తీసుకోండి. రెండింట్లోనూ రికార్డున్న నెలలే ఉంచి, గాల్వెస్టన్‌లోంచి పెన్సకోలా తీసేయండి. భూగర్భజలం, చమురు తోడిన ప్రాంతం గాల్వెస్టన్‌ది. ఆ తేడాల గీత వాలు ఏ దశకంలో తగ్గిందో పట్టుకుని, అక్కడ గీతని రెండుగా విరిచి, రెండు వాలులూ విడివిడిగా రాయండి.