మందుల ప్రకటననూ ధరనూ పరిశీలించే పద్ధతి

మందుల కంపెనీలు లాభమే చూసుకుంటాయన్న అనుమానం అకారణమైనది కాదు గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మా పెదనాన్నగారు డాక్టరు రాసిన షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ను కంపెనీల వ్యాపారమని మానేసి, షుగరును సమూలంగా పోగొడతామన్న ప్రకటన చూసి ఏదో చూర్ణం తెప్పించుకున్నారు. అది అమ్మినవారిదీ వ్యాపారమేనని ఆయనకు తోచేసరికి కాలి పుండు ముదిరిపోయింది.

కనుక ప్రకటన కనిపించగానే అది ఏ జబ్బు పేరు చెబుతోందో ముందు చూడండి. షుగరు, క్యాన్సర్, మూర్ఛ, రక్తపోటు, ఊబకాయం, కీళ్లవాతం మొదలైన 54 జబ్బులకు ఫలానా మందు వాడమని ప్రజలకు ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది, మొదటి నేరానికే ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించవచ్చునంది. ఆయుర్వేద మందులకూ ఇది వర్తిస్తుంది. 2024లో పతంజలి సంస్థ తన ప్రకటనలపై సుప్రీంకోర్టు ఆగ్రహానికి గురై, పత్రికల్లో క్షమాపణ ప్రచురించవలసి వచ్చింది. కాబట్టి జబ్బు పేరు ఆ జాబితాలోదైతే, నయమైనవారి ఫొటోలూ మాటలూ ఎన్ని వేసినా చదవనక్కరలేదు.

డాక్టరు రాసిన మందు విషయంలో మాత్రం ధర గురించి ఆరా తీయడం మేలు. స్ట్రిప్ మీద బ్రాండు పేరుతో పాటు ముద్రించిన అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములన్నది, పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ వంటి అక్షరాలు ఉన్నాయా అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ అక్షరాలున్న మాత్ర మందును నెమ్మదిగా విడుదల చేస్తుంది కనుక, మామూలు మాత్ర ధరతో దాన్ని పోల్చకూడదు. తర్వాత జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ వారి ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌లో అదే మందు వేర్వేరు బ్రాండ్ల ధరలు చూసి, బ్రాండు పేరు లేని చవక మందులు అమ్మే ప్రభుత్వ పథకపు దుకాణమైన జన ఔషధి కేంద్రంలోనూ అడగండి. ఒకే మందుకు ఇంత తేడా ఎందుకని మొదటిసారి చూసినవారు నివ్వెరపోతారు. బ్రాండు పేరును డాక్టర్ల దాకా చేర్చడానికి కంపెనీలు పెట్టే ఖర్చు ఆ తేడాకు ఒక కారణం. డాక్టర్లకు బహుమతులు, విదేశీ యాత్రలు ఇవ్వరాదని కేంద్రం 2024 మార్చిలో మార్కెటింగ్ నియమావళి తెచ్చింది కూడా ఇందుకే.

చవకైనది దొరికినా మూర్ఛ, థైరాయిడ్, రక్తాన్ని పలచబరిచే మందుల బ్రాండును డాక్టరును అడగకుండా మార్చవద్దు.

మోసపు ప్రకటన కనిపిస్తే తేదీతో సహా ఫొటో తీసి, మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు కూడా ఫోన్ చేయవచ్చు. ఆ మందు కొని ఉంటే సీసానూ బిల్లునూ పారేయకుండా ఉంచుకోండి.